మోటారుకారు ముందుదీపము - కార్బైడు నుండి కంప్యూటరు వరకు

1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి హైదరాబాదు నగరపు పడమటి కొసనున్న మాధాపురమున సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించెను. అంతకు పూర్వము ఆ ప్రాంతమున బండరాళ్ల గుట్టలును, కుతుబ్‌షాహీల కాలమునాటి దుర్గం చెరువును ముఖ్యముగ కానవచ్చుచుండెను. నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట అను పేర్లతో ఒకదానినొకటి తాకుచు కొత్త నగరమే వెలసినది. అచటి కార్యాలయములలో అనేకము సముద్రములకు ఆవలనున్న దేశముల వేళలను బట్టి పనిచేయును. కావున అర్ధరాత్రివేళ కూడ ఆ రోడ్లమీద కార్లు బారులు తీరి పోవుచుండును. 158 కిలోమీటర్ల పొడవున నగరమును చుట్టి వచ్చు ఔటర్ రింగురోడ్డులో గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు గల తొలి భాగము 2008లో తెరువబడిన పిమ్మట రాత్రి ప్రయాణము మరింత హెచ్చినది.

రాత్రి ప్రయాణము హెచ్చిన చోట దీపముమీద మోజును హెచ్చును. కారుతో వచ్చిన దీపము చాలలేదని తలచి, బజారులో ఇంకను తెల్లని, ఇంకను తీక్ష్ణమైన దీపమును కొని బిగించుకొనువారు అనేకులు. మొదటి రాత్రి అంతయు బాగుగనే యుండును. కొన్ని దినములకు ఒక ప్రక్క దీపము రెప్పలాడించుట ప్రారంభించును. లేక ఫ్యూజు కాలిపోవును. లేక బల్బు హోల్డరు కరగి ప్లాస్టిక్ వాసన వచ్చును. దీపము చక్కగా వెలుగుచుండగనే "బల్బు పోయినది" అని డ్రైవరు ముందున్న పలక హెచ్చరించును. ఎఫ్.ఎం. రేడియోలో గరగర శబ్దము పుట్టును. యజమాని బల్బు చెడిపోయినదని మరియొకటి కొనును. అదియు అట్లే చేయును.

ఇందులో బల్బు తప్పు మిక్కిలి తక్కువ. దీపము విద్యుద్వలయమున ఒక కొస మాత్రమే. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, తీగలు, కప్లర్లు, కారు ఇనుప దేహము, ఇవన్నియు కలసి వలయమగును. దీపమును మార్చినవాడు తెలిసియో తెలియకయో వలయమునంతను మార్చినవాడగుచున్నాడు. ముందుదీపముల నూరేండ్ల చరిత్రను పరిశీలించినచో దీపము మారిన ప్రతిసారియు ఇంజనీర్లు తీగల ఏర్పాటును కూడ మార్చిరని తెలియును. నేటి చిక్కులలో ప్రతియొకటి ఆ చరిత్రలోని ఏదో ఒక మెట్టును దాటవేయుటవలన కలిగినదే.

నిప్పు దీపములు

మోటారుకారు పుట్టిన తొలినాళ్లలో దానికి గుఱ్ఱపుబండి దీపములనే తగిలించిరి. నూనె దీపముల వెలుగు కారు ఉనికిని ఇతరులకు తెలుపుటకు చాలెను గాని త్రోవ చూపుటకు చాలలేదు. అటుపిమ్మట ఎసిటిలీన్ దీపములు వచ్చెను. 1862లో జర్మను రసాయనిక శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ వోలర్ కాల్షియం కార్బైడు నీటితో కలసినపుడు ఎసిటిలీన్ వాయువు వెలువడునని కనిపెట్టెను. 1892లో థామస్ విల్సన్ అమెరికాలో కార్బైడును విద్యుత్ కొలిమిలో చౌకగా తయారుచేయు మార్గమును కనుగొనెను. మామిడికాయలను మాగవేయుటకు కొందరు వాడుచు వచ్చిన, నేడు ఆ పనికి నిషిద్ధమైన కార్బైడు ఇదియే.

కారు ప్రక్కన ఒక చిన్న డబ్బాలో కార్బైడు ముక్కలుంచి, వాటిపై నీటిచుక్కలు పడునట్లు చేయుచుండిరి. పుట్టిన వాయువు గొట్టము ద్వారా దీపమును చేరి తెల్లని మంటతో మండెడిది. గాలివానలకు కొంత తట్టుకొనెడిది. కాని ప్రతి ప్రయాణమునకు ముందు డబ్బాను కడిగి సున్నపు మడ్డిని పారబోయవలెను. నీటిచుక్కల వేగము హెచ్చినచో మంట హెచ్చును, తగ్గినచో దీపము కొండెక్కును. అనగా ఆ కాలమున కూడ దీపమును బాగుచేయుటయనగా ఎక్కువ భాగము గొట్టమును, డబ్బాను బాగుచేయుటయే.

1912వ సంవత్సరము

విద్యుద్దీపము కారుకు కొత్తగా రాలేదు. 1898లోనే అమెరికాలో కొలంబియా అను బ్యాటరీ కారుకు విద్యుద్దీపములను అమర్చిరి. కాని నాటి బల్బులోని తంతువు రోడ్డు కుదుపులకు తెగిపోవుచుండెను. పెట్రోలు కార్లలో దీపములకు కావలసినంత విద్యుత్తును పుట్టించు చిన్న డైనమో లేకుండెను. 1910 ప్రాంతమున విలియం కూలిడ్జి టంగ్‌స్టన్ లోహమును సన్నని తీగగా సాగదీయు పద్ధతిని సాధించుటతో మొదటి చిక్కు సడలెను. 1912లో ఛార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఏర్పాటుతో కాడిలాక్ కారు వెలువడెను. ఇంజనును తిప్పు మోటారు, స్పార్కు, దీపములు మూడును ఒకే విద్యుత్ వ్యవస్థకు చేరినవి. మరుసటి సంవత్సరమున జర్మనీలో బాష్ సంస్థ దీపము, డైనమో, రెగ్యులేటరు మూడింటిని ఒక జతగా అమ్మసాగెను. దీపమును ఒంటరిగా గాక వ్యవస్థగా అమ్మవలెనను ఆ ఆలోచన గమనింపదగినది.

హైదరాబాదు చౌమహల్లా భవనమున ప్రదర్శింపబడుచున్న పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారు సరిగా ఆ 1912వ సంవత్సరము నాటిదే. లోకమున గ్యాసు దీపము తన స్థానమును విద్యుద్దీపమునకు ఒప్పగించుచున్న కాలమది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో పని ప్రారంభించు నాటికి మోటారు వాహనములకు విద్యుద్దీపము సామాన్యమై పోయినది.

ఒంటి తీగ పద్ధతి

ఇంటి దీపమునకు రెండు తీగలు పోవుట అందరెరిగినదే. కారులో వేరొక పద్ధతి ఏర్పడినది. బ్యాటరీ ధన ధ్రువము నుండి మాత్రమే తీగ దీపమునకు పోవును. తిరిగివచ్చు మార్గము కారు ఇనుప దేహమే. దీనిని మెకానిక్కులు బాడీ ఎర్తు అందురు. ఇందువలన సగము రాగి మిగులును. అయితే దేహమునకు తీగను బిగించిన మరచుట్టు రంగుగాని, తుప్పుగాని చేరినచో విద్యుత్తు తిరిగి వచ్చు దారి ఇరుకగును.

దీనివలన కలుగు వింత యొకటి కలదు. దగ్గరి వెలుగుకు, దూరపు వెలుగుకు వేర్వేరు తంతువులు గల బల్బును తలచుకొనుడు. రెండు తంతువులకు ఎర్తు కొస ఒకటే. ఎడమ దీపపు ఎర్తు తెగినదనుకొందము. డ్రైవరు దగ్గరి వెలుగు స్విచ్చి వేయగనే ఎడమ బల్బులోని దగ్గరి తంతువునకు విద్యుత్తు చేరును. ఎర్తుకు పోవ దారి లేదు. కావున అది అదే బల్బులోని దూరపు తంతువులోనికి ఎదురు నడచి, దూరపు వెలుగు తీగ వెంట కుడి దీపమును చేరి, అచటి దూరపు తంతువు గుండా ఎర్తును కలియును. ఇట్లు మూడు తంతువులు ఒకే వరుసలో చేరినందున ఎడమ దీపము మసకగా వెలుగును. దూరపు వెలుగును సూచించు నీలి గుర్తు కూడ పలకమీద సన్నగా మినుకుమనును. చూచువానికి ఇది దయ్యపు చేష్టగ తోచును. పదవ తరగతి విద్యుద్వలయముల పాఠము తెలిసినవానికి ఒక మర వదులైన దని తోచును. నీరు పల్లమెరుగునట్లు విద్యుత్తు తనకు దొరకిన దారినెల్ల వెదకికొనును.

దించిన వెలుగు

విద్యుద్దీపము బలపడినకొలది ఎదుటివాని కన్ను చెదరుట సమస్య యయ్యెను. 1917లో కాడిలాక్ కారులో ఒక మీటతో దీపమునే క్రిందికి వంచు ఏర్పాటు చేసిరి. 1920 దశకపు మధ్యమున జర్మనీలో ఆస్రాం సంస్థ ఒకే బల్బులో రెండు తంతువుల నమర్చి "బైలక్స్" అను పేరిట విడుదల చేసెను. ఒక తంతువు పుటాకార దర్పణపు నాభివద్ద నుండును. దాని కిరణములు ప్రతిఫలించి సమాంతరముగ దూరమునకు పోవును. రెండవది నాభికి కొంచెము ముందునకు, క్రింద ఒక చిన్న కవచముతో నుండును. దాని కిరణములు దర్పణపు పై భాగమునుండి మాత్రమే ప్రతిఫలించి క్రిందికి వంగును. తంతువు నాభినుండి ఏ కొంచెము కదలినను వెలుగు దారి తప్పును. ఈ మాట జ్ఞప్తియందుంచుకొనదగినది. ఎల్.ఇ.డి. విషయమున ఇది మరల వచ్చును.

ఓమ్, జౌల్ చెప్పిన లెక్క

1827లో జార్జి ఓమ్ తన సూత్రమును ప్రకటించెను. తీగలో కోల్పోవు వోల్టేజి, కరెంటును నిరోధముచే గుణించినంత యగును. 1840 ప్రాంతమున జేమ్స్ జౌల్ మరియొక సూత్రమును స్థాపించెను. తీగలో పుట్టు వేడి, కరెంటు వర్గమును నిరోధముచే గుణించినంత యగును. ముందుదీపముల చరిత్ర అంతయు ఈ రెండు సూత్రముల నీడలోనే నడచినది.

పూర్వపు కార్లలో అనేకము 6 వోల్టులవి. 60 వాట్ల దీపమునకు 6 వోల్టులయందు 10 ఆంపియర్ల కరెంటు కావలెను. 12 వోల్టులయందు 5 ఆంపియర్లు చాలును. కరెంటు సగమైనపుడు అదే తీగలో వేడి నాలుగవ వంతగును. కావుననే 1950 దశకమున కార్ల తయారీదారులు 12 వోల్టులకు మారిరి.

ఇపుడు నేటి బజారు బల్బును ఈ లెక్కలో నిలిపి చూతము. కారుతో వచ్చిన బల్బు 55 వాట్లది. దానికి సుమారు 4.6 ఆంపియర్లు కావలెను. బ్యాటరీ నుండి స్విచ్చి, కప్లర్లు దాటి దీపమును చేరి తిరిగివచ్చు దారి నిరోధము 0.2 ఓములనుకొందము. ఇది పెద్ద అంకె కాదు. ముప్పాతిక చదరపు మిల్లీమీటరు రాగి తీగ నాలుగు మీటర్లకే 0.09 ఓములు వచ్చును. మిగిలినది కప్లర్ల మొనలలో చేరును. అపుడు 0.92 వోల్టు దారిలోనే పోవును. టంగ్‌స్టన్ దీపపు వెలుగు వోల్టేజితో సమానముగ గాక దానికంటె ఎంతో వేగముగ, సుమారు మూడున్నరవ ఘాతముతో తగ్గును. కావున 12 వోల్టులలో 0.92 పోయినచో వెలుగులో దాదాపు నాలుగవ వంతు పోవును. దీపము మసకగా నున్నదని తలచినవాని కారులో నిజముగ మసకబారినది తీగయే కావచ్చును.

అతడు తీగను చూడక 100 వాట్ల బల్బు తగిలించినాడనుకొందము. కరెంటు 8.3 ఆంపియర్లకు పెరుగును. తీగలో పోవు వోల్టేజి 1.67 వోల్టులకు చేరును. దారిలో పుట్టు వేడి 4.2 వాట్ల నుండి సుమారు 14 వాట్లకు, అనగా మూడు రెట్లకు మించును. ఈ వేడి తీగ పొడవునను సమముగ పంచుకొనబడదు. నిరోధమెక్కువైన చోట, అనగా తుప్పుపట్టిన కప్లరు మొనవద్ద, గుమిగూడును. హోల్డరు కరగుటకు, ప్లాస్టిక్ వాసనకు కారణమిదియే. వెలుగు కొరకు కొన్న వాట్లలో కొంత భాగము తీగను కాల్చుటకు వ్యయమగుచున్నది.

రిలే

ఈ చిక్కునకు మందు మోటారుకారు పుట్టుకకు అర్ధశతాబ్దము ముందే సిద్ధమైనది. 1835లో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ స్వల్ప విద్యుత్తుచే విద్యుదయస్కాంతమును పనిచేయించి, దానిచే మరియొక బలమైన వలయమును మూయించెను. దూరపు తంతి వార్తలను ముందుకు సాగించుటకు ఈ ఉపాయము ఉపకరించెను. దీనినే రిలే యందురు.

కారు దీపమునకు రిలే నమర్చినపుడు పాత సన్నని తీగ దీపమును వెలిగింపదు. రిలేలోని అయస్కాంతపు చుట్టను మాత్రమే పనిచేయించును. దీపపు కరెంటు బ్యాటరీ నుండి లావైన కొత్త తీగ వెంట నేరుగ వచ్చును. రిలే అడుగున 85, 86, 30, 87 అను అంకెలుండును. ఇవి జర్మను ప్రమాణములనుండి వచ్చి లోకమంతట వ్యాపించినవి. 85, 86 చుట్టకు రెండు కొసలు. 30కి బ్యాటరీ నుండి విద్యుత్తు వచ్చును. 87 నుండి దీపమునకు పోవును. బ్యాటరీ నుండి వచ్చు కొత్త తీగకు బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు బల్బును కాపాడునది కాదు, తీగను కాపాడునది. తీగ మధ్యలో ఒరసికొని దేహమును తాకినచో ఫ్యూజుకు ముందున్న భాగమునకు రక్షణ లేదు. కాలిన ఫ్యూజు స్థానమున పెద్ద ఫ్యూజుగాని, రాగి పోగుగాని పెట్టుట కాపలావానిని నిద్రబుచ్చి ఇల్లు తెరచి యుంచుట వంటిది.

హాలోజెన్ నుండి ఎల్.ఇ.డి. వరకు

మామూలు బల్బులో టంగ్‌స్టన్ ఆవిరియై గాజును నల్లబరచును. లోపల కొంచెము అయొడిన్ గాని బ్రోమిన్ గాని యున్నచో ఆ ఆవిరిని తిరిగి తంతువునకే చేర్చునని తేలెను. ఈ హాలోజెన్ దీపము 1962లో ఐరోపాలో హెచ్-1 అను పేర కార్లకు వచ్చెను. 1971లో రెండు తంతువుల హెచ్-4 వెలువడెను. దూరపు వెలుగు 60 వాట్లు, దగ్గరి వెలుగు 55 వాట్లు గల ఈ బల్బు భారతదేశపు కార్లలో దీర్ఘకాలము సర్వసామాన్యమై యున్నది.

1991లో జర్మనీ బి.ఎం.డబ్ల్యు. కారులో జీనాన్ దీపము వచ్చెను. ఇందు తంతువు లేదు. రెండు కొసల నడుమ వాయువులో విద్యుత్తు జ్వలించును. వెలిగించుటకు క్షణకాలము సుమారు 20,000 వోల్టులు కావలెను. వెలిగిన పిమ్మట 35 వాట్లతోనే తృప్తి చెందును. కాని వేడెక్కు తొలి సెకండ్లలో బ్యాటరీ నుండి మిక్కిలి హెచ్చు కరెంటును లాగును. కావున పాత తీగకు దీనిని నేరుగ తగిలించినచో వెలుగబోయి ఆరుట, ఆరి మరల వెలుగుట సంభవించును.

ఎల్.ఇ.డి. చరిత్ర వేరు. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడు ఎఱ్ఱని ఎల్.ఇ.డి.ని చేసెను. తెల్లని వెలుగునకు నీలి ఎల్.ఇ.డి. కావలెను. దానిని 1990 ప్రాంతమున జపాను దేశమున అకసాకి, అమానో, నకమూరా సాధించిరి. 2014లో వారికి నోబెల్ బహుమానము లభించెను. 2008లో ఆడి ఆర్-8 కారునకు పూర్తిగా ఎల్.ఇ.డి. ముందుదీపము లమరినవి.

ఎల్.ఇ.డి. డయోడు. విద్యుత్తును ఒక దిక్కుననే పోనిచ్చును. టంగ్‌స్టన్ తంతువునకు ధన, ఋణ భేదము లేదు. జపాను దేశమున రూపొందిన అనేక కార్లలో హెచ్-4 బల్బు ఉమ్మడి కొసకు ఎర్తుకు బదులు ధన విద్యుత్తు వచ్చును. స్విచ్చి ఎర్తు ప్రక్క నుండును. పాత బల్బునకు ఇది పట్టింపు లేదు. ఎల్.ఇ.డి. బల్బునకు అట్లు కాదు. దానిని తయారుచేసినవాడు ఉమ్మడి కొస ఎర్తని తలచి యున్నచో వెలుగనే వెలుగదు. బల్బు మంచిది, కారు మంచిది, కాని రెండింటికి పొత్తు కుదరలేదు.

మాట్లాడు తీగలు

1983లో బాష్ సంస్థ కారులోని ఎలక్ట్రానిక్ పెట్టెలన్నియు రెండు తీగలమీద పరస్పరము వార్తలు పంపుకొను పద్ధతిని రూపొందింప నారంభించి 1986లో ప్రకటించెను. దీనిని క్యాన్ పద్ధతి యందురు. నేటి కారులో దీపపు స్విచ్చి దీపమునకు విద్యుత్తును పంపదు. "దీపము వెలిగించుము" అను వార్తను మాత్రము పంపును. ఒక చిన్న కంప్యూటరు ఆ వార్తను చదివి దీపమునకు విద్యుత్తు నిచ్చును. ఇట్టి వ్యవస్థలపై పనిచేయు ఇంజనీరింగు కేంద్రములు హైదరాబాదులోనే కలవు. 2006లో హ్యుందాయ్ సంస్థ, 2017లో జర్మనీ దేశపు జెడ్.ఎఫ్. సంస్థ ఇచట తమ కేంద్రములను నెలకొల్పినవి.

ఈ కంప్యూటరు దీపమును నిత్యము పరీక్షించుచుండును. దీపము ఆరియున్నపుడు కూడ అతి స్వల్పకాలపు విద్యుత్ స్పందనములను పంపి తంతువు తెగలేదు గదా యని చూచును. టంగ్‌స్టన్ తంతువు ఆ స్పందనములకు వెలుగదు. ఎల్.ఇ.డి. వెలుగును. ఆపిన కారులో దీపము రెప్పలాడించుట ఇందువలననే. దీపము వెలుగుచున్నపుడు కంప్యూటరు కరెంటును కొలుచును. 55 వాట్లకు బదులు ఎల్.ఇ.డి. ఇరువది, ముప్పది వాట్లే తీసికొన్నచో బల్బు పోయినదని నిశ్చయించి హెచ్చరించును. కొన్ని కార్లలో విద్యుత్తునే ఆపివేయును.

దీనికి బజారులో అమ్ము మందు ఒక నిరోధపు ముక్క. 6 ఓముల నిరోధమును దీపమునకు సమాంతరముగ చేర్చినచో 2 ఆంపియర్లు అదనముగ పోవును. కంప్యూటరు తృప్తి చెందును. కాని 24 వాట్లు వేడిగా వ్యర్థమగును. ఎల్.ఇ.డి. వలన ఆదా యగునన్న విద్యుత్తు చాలవరకు అచటనే పోయినది. ఆ ముక్కను ప్లాస్టిక్‌కుగాని తీగలకుగాని ఆనించి కట్టినచో అవి కరగును. లోహపు రేకుపై బిగింపవలెను. కొన్ని కార్లలో కంప్యూటరు విద్యుత్తును సెకండునకు అనేక పర్యాయములు తెంచి తెంచి యిచ్చును. అట్టి తీగకు రిలేను కట్టినచో అది టకటక కొట్టుకొనును. 1835 నాటి ఉపాయమునకు, 1986 నాటి ఉపాయమునకు మధ్యవర్తిగా ఆ కారు కొరకే తయారైన హార్నెస్ కావలెను.

రేడియోలో శబ్దమునకు కారణము ఎల్.ఇ.డి. వెనుక నున్న చిన్న పెట్టె. అది విద్యుత్తును అతివేగముగ తెంచుచు కలుపుచు నుండుటవలన రేడియో తరంగములు పుట్టును. కవచము, వడపోత లేని చౌక దీపములలో ఇది హెచ్చు.

దోషమును వెదకు క్రమము

చరిత్ర ఏ వరుసలో నడచినదో దోషమును కూడ ఇంచుమించు ఆ వరుసలోనే వెదకవచ్చును.

మొదట పాత బల్బును తిరిగి పెట్టి చూడవలెను. దోషము పోయినచో అది కొత్త దీపమునకు, కారు వలయమునకు గల పొత్తులో నున్నది. పోనిచో దోషము తీగలలో నున్నది. ఈ ఒక్క పరీక్ష సగము శ్రమను తప్పించును.

రెండవది ఎర్తు. మరను విప్పి, రంగును తుప్పును గీకి, మెరయు లోహముపై తిరిగి బిగింపవలెను.

మూడవది కప్లర్లు, అతుకులు. తీగలను మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులలోనికి వానకాలమున నీరు చేరి రాగి పచ్చబారును. గోధుమరంగుకు మాడిన ప్లాస్టిక్, పచ్చబారిన మొన కనబడినచో దానిని మార్చవలెను.

నాలుగవది వోల్టేజి కొలత. ఇచట అనేకులు పొరబడుదురు. బల్బును తీసివేసి హోల్డరులో మీటరు పెట్టినచో 12 వోల్టులు నిండుగా చూపును. మీటరు లాగు కరెంటు దాదాపు శూన్యము గనుక తుప్పుపట్టిన తీగలో కూడ ఏమియు నష్టముండదు. బల్బు వెలుగుచుండగనే కొలవవలెను. మీటరు ఒక మొనను బ్యాటరీ ధన ధ్రువముపై, రెండవ మొనను బల్బు ధన కొసపై నుంచినచో ధన మార్గమున పోవు వోల్టేజి నేరుగ తెలియును. అట్లే బ్యాటరీ ఋణ ధ్రువమునకు, బల్బు ఎర్తు కొసకు నడుమ కొలిచినచో తిరుగు మార్గపు నష్టము తెలియును. ఏ ఒక్కటి అర వోల్టు మించినను ఆ మార్గమున దోషమున్నట్లే.

అయిదవది ధన, ఋణములు. కారు హోల్డరులో ఉమ్మడి కొస ఏదో మీటరుతో నిర్ణయించి ఎల్.ఇ.డి. దానికి తగినదో కాదో చూడవలెను. చివరకు మిగిలిన చిక్కు కంప్యూటరుది. అచట తీగలు కోయుట ఎంతమాత్రము తగదు. కారు తయారీదారుల వలయ పటము నెరిగినవారే చేయవలెను.

ఎదుటివాని కన్ను

తీగలన్నియు సరియైనను ఒక ప్రశ్న మిగిలియున్నది. ఆ వెలుగు ఎచట పడుచున్నది? తంతువు నాభినుండి కొంచెము కదలినను వెలుగు దారి తప్పునని పైన చెప్పబడినది. హాలోజెన్ తంతువు కొరకు లెక్కవేసి చేసిన దర్పణములో ఎల్.ఇ.డి. పలకలను నిలిపినచో వెలుగు పుట్టు చోటు, దాని ఆకారము రెండును మారిపోవును. రోడ్డుమీద పడవలసిన కాంతి ఎదుటి డ్రైవరు కంటిలో పడును. ప్రబల కాంతికి కంటిపాప చటుక్కున ముడుచుకొనును. తిరిగి చీకటికి అలవడుటకు కొన్ని సెకండ్లు పట్టును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకండునకు 22 మీటర్లు నడచును. మూడు సెకండ్లు చూపు తప్పిన డ్రైవరు 66 మీటర్లు గ్రుడ్డిగా పోయినట్లే. ఆ 66 మీటర్లలో సైకిలుపై ఇంటికి పోవు కాపలాదారుండవచ్చును. రోడ్డు దాటు పారిశుధ్య కార్మికురాలుండవచ్చును.

శాసనములు కూడ దీనిని గుర్తించినవి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 106వది ముందుదీపపు వెలుగు ఎదుటివారి కన్నులు చెదరకుండ క్రిందికి వంగి యుండవలెనని విధించుచున్నది. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము తయారీదారు నిర్ణయించిన స్వరూపమునకు భిన్నముగ వాహనమును మార్చుటను అరికట్టుచున్నది. 2019 సవరణ ప్రకారము అనుమతిలేని మార్పునకు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు ఈ విషయమును ఒక చిన్న ప్రయోగముతో చూపవచ్చును. 12 వోల్టుల బ్యాటరీ, దానికి ఫ్యూజు, 21 వాట్ల కారు బల్బు, రెండు జతల తీగలు, మీటరు చాలును. ఒక జత పొట్టిగా లావుగా, రెండవది పొడవుగా సన్నగా నుండవలెను. మొదట లావు తీగతో, పిదప సన్న తీగతో బల్బును వెలిగించి, వెలుగుచుండగ బల్బు కొసలవద్ద వోల్టేజిని కొలువవలెను. పిమ్మట బల్బును తీసి మరల కొలువవలెను. బల్బు లేనపుడు రెండు జతలును ఒకే అంకెను చూపును. బల్బు ఉన్నపుడు వేరగును. సన్న తీగకు అట్టిదే రెండవ బల్బును సమాంతరముగ చేర్చినచో మొదటి దాని వెలుగు తగ్గుట విద్యార్థులు కంటితోనే చూడగలరు. బల్బు వేడెక్కును గనుక దానిని తాకనీయరాదు.

కార్బైడు డబ్బాలో నీటిచుక్కలను లెక్కించిన కాలము నుండి కంప్యూటరు స్పందనములను లెక్కించు కాలము వరకు ముందుదీపము చెప్పు నీతి ఒకటియే. ఏ దీపమును ఒంటరిగా వెలుగదు. దానికి విద్యుత్తు తెచ్చు తీగ, తిరిగి తీసికొనిపోవు ఎర్తు, కాపాడు ఫ్యూజు, దారి చూపు దర్పణము, ఇవన్నియు దానికి తగినవై యుండవలెను. ఇన్నియు కుదిరినపుడే ఆ వెలుగు కారులో నున్నవానికి త్రోవ చూపును, ఎదుట వచ్చువానికి త్రోవ విడుచును.